తోక చూపి తల దాచే పాము

పిల్లలూ!

పోయిన నెల ఈ పేజీలో వానపాము రైతుకు చేసే మేలు గురించి చెప్పుకున్నాము, జ్ఞాపకం ఉన్నది గదా? అది చదివి మా వీధి కుర్రవాడొకడు వానపాముల వేటకు బయలుదేరాడు. ఈ నెల పాఠమంతా ఆ వేటలోంచే పుట్టింది.

మేముండేది హైదరాబాదులో, అశోక్ నగర్‌లో. హుస్సేన్ సాగర్ కట్టకు దిగువన ఉన్న ఈ వైపును లోయర్ ట్యాంక్ బండ్ అంటారు. చిక్కడపల్లి, నారాయణగూడ మాకు నడిచి పోయేంత దూరం. ఒకప్పుడు ఇక్కడ పెరళ్ళు, బావులు ఉన్న ఇళ్ళు ఉండేవి. ఇప్పుడు వాటి చోట అపార్టుమెంట్లు లేచినవి. పెరడు పోయినా మొక్కల మీద మమకారం మాత్రం పోలేదు. మెట్టు మెట్టుకూ ఒక కుండీ, గోడ ప్రక్కన ఒక తులసికోట.

తొలకరి వాన కురిసిన మర్నాడు పొద్దున్నే నేను పాలపాకెట్టు కోసం క్రిందికి దిగాను. మా మెట్ల ప్రక్కన నలుగురు పిల్లలు మూగి ఉన్నారు. గులాబి కుండీ ప్రక్కకు జరిపి ఉన్నది. మన వేటగాడి అరచేతిలో నల్లగా, సన్నగా ఒకటి మెలికలు తిరుగుతున్నది. ఇంకొక పిల్లవాడు చెప్పు చేతపట్టుకొని, "పామురా! కింద పడెయ్, కొట్టేస్తా!" అంటున్నాడు.

"కాదు, వానపాము! సార్, మీరే చెప్పండి," అన్నాడు వేటగాడు.

నేను కళ్ళద్దాలు సర్దుకొని చూశాను. వానపాము ఒంటి మీద ఉంగరాల వంటి గీతలుంటాయి, ఒళ్ళు జిగటగా ఉంటుంది. దీని ఒంటి మీద సన్నని పొలుసులు అద్దినట్టు మెరుస్తున్నవి. ఒక కొననుంచి వెంట్రుకంత నాలుక బయటికి వచ్చి లోపలికి పోయింది.

"నాయనా, అది పామే. నెమ్మదిగా మట్టి మీద వదిలెయ్యి," అన్నాను.

వాడు వదిలేశాడు. కాని భయపడలేదు. పైగా నాకే ధైర్యం చెప్పాడు: "పామైనా ఏం కాదులెండి సార్. తల గుండ్రంగా ఉన్నది గదా! తల త్రికోణంగా ఉన్నవాటికే విషం ఉంటుందట."

ఆ మాట వినగానే నా గుండె ఝల్లుమన్నది. ఎందుకంటే ఆ తప్పుడు సూత్రాన్ని ఒకప్పుడు నేనే, ఈ నోటితోనే, పిల్లలకు నేర్పాను.

ఆ కథ చెబుతాను, వినండి.

అది 1991వ సంవత్సరం. నల్లమల అడవి అంచున ఉన్న ఒక పల్లెలో నేను సైన్సు టీచరుగా ఉండేవాణ్ణి. పాముల పాఠం వచ్చింది. నల్లబల్ల మీద రెండు తలలు గీశాను: ఒకటి త్రికోణం, ఒకటి గుండ్రం. మొదటిది విషసర్పం, రెండవది మామూలు పాము అని చెప్పాను. పిల్లలు చక్కగా రాసుకున్నారు. నేనూ సంతోషించాను.

వారం తిరక్కుండా ఒక విద్యార్థి సుద్దముక్కల డబ్బా ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. డబ్బా మూత ఒరగా ఉన్నది. వాడి రెండు వేళ్ళూ లోపల దేన్నో పట్టుకొని ఉన్నవి. "సార్, పాము! కట్టెల మోపు క్రింద దొరికింది. తల గుండ్రంగానే ఉన్నది. అయినా జాగ్రత్తగా తలే పట్టుకున్నాను, ఇక కరవలేదు," అన్నాడు గర్వంగా.

మా బడి అటెండరు ఆ ఊరివాడే, పెద్దవాడు. తొంగి చూసి మెల్లగా, "బాబూ, నీవు పట్టుకున్నది తల కాదు, తోక. తల అడుగున ఉన్నది. చెయ్యి తియ్యి," అన్నాడు.

వాడు చెయ్యి తీశాడు. అటెండరు మూత బిగించి, డబ్బాను అడవి వైపు తీసుకుపోయి వదిలి వచ్చాడు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు ఆ పామును పట్టుకున్నది నా మాట నమ్మి!

సెలవులలో పట్నం వచ్చినప్పుడు చిక్కడపల్లిలో ఉన్న నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి పాముల పుస్తకం తిరగేశాను. నేను చూసిన పాము బొమ్మ అందులో ఉన్నది. అది పగడపు పాము. నాగుపాముకు, కట్లపాముకు చుట్టం. విషసర్పం!

ఇప్పుడు ఆ పాము రూపురేఖలు చెప్పుకుందాము. మీ సంచిలో అడుగు స్కేలు ఉన్నది గదా, దాన్ని బయటికి తీయండి. దాని పొడవు 30 సెంటీమీటర్లు. మన పగడపు పాము పూర్తిగా ఎదిగితే అంత ఉంటుంది, లేదా దానికి మరి నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ. లావు పెన్సిలు కన్న తక్కువే. మన దేశంలోని విషసర్పాలలో ఇంత చిన్నవి అరుదు.

దీని వీపు లేత గోధుమరంగు. పొలుసులు నున్నగా ఉంటాయి. నడుము దగ్గర లెక్కపెడితే 13 వరుసలు. తల, మెడ మాత్రం నల్లన, ఆ నలుపు మీద పసుపుపచ్చని చుక్కలు. తల మెడ కన్న వెడల్పుగా ఉండదు, కనుక మెడ ఎక్కడ మొదలైనదో చూడగానే తెలియదు. తోక మీద రెండు నల్లని పట్టీలుంటాయి: మొదట్లో ఒకటి, చివర ఒకటి. ఇదంతా పైనుంచి చూస్తే కనిపించే అలంకారం. అసలు సొగసు పొట్ట వైపు ఉన్నది. అక్కడ పగడం రంగు! అందుకే ఆ పేరు. తోక అడుగు మాత్రం నీలం కలిసిన బూడిదరంగు.

శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు కాలియోఫిస్ మెలనూరస్. నోరు తిరగడం లేదా? విడదీస్తే సులభమే. గ్రీకు భాషలో మొదటి మాటకు అందమైన పాము అని, రెండవ మాటకు నల్లతోకది అని అర్థం. అంటే అందాల నల్లతోక పాము అన్నమాట. 1802లో షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీన్ని గ్రంథస్థం చేశాడు.

ఇది పగలు కనిపించదు. ఎండుటాకుల క్రింద, రాళ్ళ క్రింద, వదులైన మట్టిలో దాగి ఉంటుంది. చీకటి పడ్డాక తిరుగుతుంది. వాన పడి నేల తడిసినప్పుడు పైకి వస్తుంది. గుడ్లు పెట్టి పిల్లలను చేస్తుంది. మన తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణాదిన ఇంకా చాలా చోట్లా ఇది ఉన్నది. ఉన్నా, మన కంట పడేది చాలా అరుదు.

మరి దాని ఆహారమేమిటో తెలుసా? మా వేటగాడి అరచేతిలో మెలికలు తిరిగిన ప్రాణి జాతే! దాన్ని గుడ్డిపాము అంటారు. జానెడు పొడవు కూడా ఉండదు. కళ్ళు పొలుసుల క్రింద రెండు చుక్కల్లాగా ఉంటాయి. వెలుతురు, చీకటి తెలుసుకోవడానికే అవి పనికివస్తాయి. చీమల గుడ్లూ, చెదపురుగులూ తిని బ్రతుకుతుంది. విషమన్నది దానికి లేదు. ఇందులో ఇంకొక వింత: ఈ జాతిలో ఇంతవరకు కనిపించినవన్నీ ఆడపాములే! మగపాము అక్కరలేకుండానే గుడ్లు పెడతాయి. కనుక ఒక్క పాము ఒక కుండీ మట్టిలో ఎక్కి ఓడలో ప్రయాణం చేసినా చాలు, దిగిన దేశంలో సంతానం మొదలవుతుంది. ఈ విధంగానే ఇది ప్రపంచమంతా వ్యాపించింది. ఇంగ్లీషువారు దీనిని పూలకుండీ పాము అని కూడా పిలుస్తారు.

ఈ గుడ్డిపాముకు మన తెలుగువారితో ఒక సంబంధం ఉన్నది. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉంటూ, 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడైనాడు. కోరమాండల్ తీరపు పాములను సేకరించి, 1796లో రంగుల బొమ్మలతో పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. ప్రతి పామునూ ఇక్కడి జనం ఏమని పిలుస్తారో అడిగి, ఆ తెలుగు పేర్లనే ఇంగ్లీషు లిపిలో రాసుకున్నాడు. మనవాళ్ళు బంగారు పాము అన్న ఒక కట్లపామును ఆయన బంగారమ్ పామ అని రాశాడు. ఆ మాటనుంచే కట్లపాముల జాతికి బంగారస్ అన్న శాస్త్రీయ నామం వచ్చింది. ఈనాటికీ ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనా కట్లపాము పేరు రాయవలసి వస్తే తెలుగు మాటే రాస్తాడు!

మరి మన గుడ్డిపాముకు రస్సెల్ రాసుకున్న పేరేమిటనుకున్నారు? రెండు తలల పాము! దాని తోక మొద్దుగా, తలలాగానే ఉంటుంది గనుక మన పూర్వులు ఆ పేరు పెట్టారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. గుడ్డిపాము తోక తలలాగా ఉన్నది. నా విద్యార్థి పగడపు పాము తోకను చూసి తల అనుకున్నాడు. రెండింటికీ ఒకే పొరపాటు ఎందుకు జరిగింది?

అది పొరపాటు కాదు, పాము పన్నిన ఉపాయం. పగడపు పాముకు ఆపద వచ్చినప్పుడు పారిపోయే సత్తువ లేదు. నాగుపాములాగా పడగ విప్పి భయపెట్టలేదు. కనుక ఏం చేస్తుందంటే, తల తీసుకుపోయి ఒంటి చుట్టల క్రింద దాచుకుంటుంది. తోకను పైకి లేపి, చుట్టగా మెలి తిప్పి, అడుగున ఉన్న నీలిరంగును చూపిస్తుంది. వచ్చిన కాకో, ఎలుకో, మనిషో ఆ తోకనే తల అనుకుంటారు. తోకకు దెబ్బ తగిలినా పాము బ్రతుకుతుంది. తలకు తగిలితే బ్రతకదు. శత్రువు చూపు తోక మీద ఉండగా, అసలు తల తన దారి తాను చూసుకుంటుంది. లేదా కరుస్తుంది.

కనుక 1991లో ఆ సుద్దముక్కల డబ్బాలో జరిగినది అదే. పాము తోకను చూపింది, పిల్లవాడు తోకను పట్టాడు. నేను ఇచ్చిన సూత్రం కూడా తోక వంటిదే! చూడవలసిన చోట చూడనివ్వలేదు. నాగుపాము తల త్రికోణంగా ఉండదు, కట్లపాము తలా ఉండదు, పగడపు పాము తలా ఉండదు. ఈ మూడూ విషసర్పాలే.

పగడపు పాములు మన దగ్గరే కాదు, చాలా దేశాలలో ఉన్నవి. అమెరికా ఖండాలలో ఉన్న వాటికి ఒంటి నిండా ఎరుపు, పసుపు, నలుపు పట్టీలు ఉంగరాలు తొడిగినట్టుంటాయి. అవి కూడా భయపడితే తల దాచి తోక చుట్టి ఆడిస్తాయి. అక్కడ విషం లేని పాములు కొన్ని అవే రంగులు పూసుకొని బ్రతికిపోతాయి. పోలీసు టోపీ పెట్టుకున్న పిల్లవాణ్ణి చూసి దొంగ పారిపోయినట్టన్నమాట.

1975లో సూసన్ స్మిత్ అనే శాస్త్రవేత్త ఒక చక్కని పరీక్ష జరిపింది. కోస్టారికా దేశంలో మాట్‌మాట్ అనే పక్షులుంటాయి. ఆమె ఆ పక్షి పిల్లలను చేతులతో పెంచింది. అవి ఎన్నడూ పామును చూసి ఎరుగవు. వాటి ముందు రంగులు వేసిన చెక్కపుల్లలు పెట్టింది. ఆకుపచ్చ, నీలం ఉంగరాలున్న పుల్లలను అవి ఆటగా పొడిచినవి. పసుపు, ఎరుపు ఉంగరాలున్న పుల్లను చూడగానే బెదిరి దూరంగా పోయినవి. ఎవరూ నేర్పకుండానే ఆ పక్షులకు పుట్టుకతో అంత తెలివి ఉన్నది. మనకు మాత్రం పుట్టుకతో రాలేదు. మనం నేర్చుకోవలసినదే.

మలేసియా వైపు అడవులలో ఇంకొక పగడపు పాము ఉన్నది. ముదురు నీలం ఒళ్ళు, ఎర్రని తల, ఎర్రని తోక. దాని విషపు సంచులు తలలో పట్టక, ఒంటి పొడవులో పావు వంతుకు పైగా సాగి ఉంటాయి. అది కూడా ఇతర పాములనే తింటుంది. దాని విషం నరాలన్నిటినీ ఒక్కసారి మేల్కొలిపి ఎరను బిగుసుకుపోయేట్టు చేస్తుందని 2016లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అటువంటి విషాన్ని పరిశీలిస్తే నొప్పి తగ్గించే మందులకు దారి దొరకవచ్చునని వారి ఆశ.

ఇక మన పగడపు పాము కాటు సంగతి. దాని నోరు చాలా చిన్నది, కోరలు ఇంకా చిన్నవి. నోటి ముందు భాగాన కదలకుండా నిలిచి ఉంటాయి. కనుక అది మనుషులను కరవడం అరుదు. కరిచిన చోట వాపు, దురద వచ్చినట్టు రాశారు. "అయితే భయం లేదుగా సార్" అంటారేమో! అలా అనకండి. మన దేశపు ఆసుపత్రులలో ఇచ్చే పాము విషం మందు నాలుగు పాముల విషానికి విరుగుడుగా తయారైనది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. పగడపు పాము ఆ నాలుగింటిలో లేదు. పైగా, నలుపు తలను చూసి "ఇది పగడపు పాము" అని తడబడకుండా చెప్పగలవారు ఎంతమంది? కట్లపాము పిల్ల కూడా పెన్సిలంతే ఉంటుంది!

ఇది ఆటలో మాట కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల ఏటా సగటున 58,000 మంది చనిపోయినట్టు శాస్త్రజ్ఞులు 2020లో అంచనా కట్టారు. కనుక తల్లిదండ్రులు కూడా ఈ నాలుగు మాటలు చదవగోరుతున్నాను.

ఒకటి: ఎంత చిన్నదైనా, చచ్చినట్టు పడి ఉన్నదైనా పామును చేతితో ముట్టుకోరాదు. కుండీలు, ఇటుకలు, కట్టెలు జరిపేటప్పుడు ముందు కర్రతో కదిలించి చూడాలి.

రెండు: పాము కనిపిస్తే రెండు అడుగులు వెనక్కి వేసి, పెద్దవారిని పిలవాలి. కొట్టబోయి కాటు తిన్నవారు ఎందరో. మన నగరంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారు వచ్చి పామును క్షేమంగా పట్టుకుపోయి అడవిలో వదులుతారు.

మూడు: కాటు పడితే పరుగెత్తరాదు. కట్టు బిగించి కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు. ఉంగరం, గాజు, గడియారం తీసివేసి, ఆ చెయ్యినో కాలునో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవాలి. మంత్రం వేసేవాడి దగ్గర గడిపిన గంట తిరిగి రాదు.

నాలుగు: రెండు తలల పాము ఇంట ఉంటే ధనం వస్తుందని చెప్పి, ఇసుకలో ఉండే ఒక సాధు పామును లక్షలకు అమ్మే మోసగాళ్ళున్నారు. దాని తోక కూడా మొద్దుగా ఉంటుంది, అంతే. రెండో తల లేదు, ధనమూ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం నేరం.

సరే, మా మెట్ల దగ్గరికి తిరిగి వద్దాము. ఇదంతా కాకపోయినా ఇందులో సగం ఆ పిల్లలకు అక్కడే నిలబడి చెప్పాను. నా పాలపాకెట్టు సంగతే మరచిపోయాను. చెప్పు పట్టుకున్నవాడు చెప్పు కాలికి తొడుక్కున్నాడు. గుడ్డిపాము ఈలోపల తడిమట్టిలోకి సగం దూరిపోయింది. మిగిలిన సగం కూడా చూస్తుండగానే మాయమైంది.

వేటగాడు మాత్రం ఆలోచిస్తున్నాడు. కాసేపటికి అడిగాడు: "సార్, ఆ ఊరి పిల్లలకు మళ్ళీ చెప్పారా, తప్పు అని?"

"చెప్పాను నాయనా. సెలవులైపోయి బడి తెరిచిన రోజునే తరగతి ముందు నిలబడి, నేను గీసిన రెండు తలల బొమ్మ మళ్ళీ గీసి, దాని మీద అడ్డంగా కొట్టివేశాను. 'నేను చెప్పినది తప్పు, మీ నోటు పుస్తకాలలో కూడా కొట్టివేయండి' అన్నాను."

"అందరూ కొట్టేశారా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. ఆ సెలవులలో కొందరు చదువు మానేశారు, కొందరు వేరే ఊళ్ళకు పోయారు. వారి పుస్తకాలలో ఆ త్రికోణం అలాగే ఉండిపోయి ఉంటుంది. వారికి ఇప్పుడు మీ వంటి పిల్లలు ఉంటారు. వారి ఇంట్లో ఎవరైనా ఈ పత్రిక చదువుతున్నారేమో! అమ్మా, నాయనా, మీరే అయితే, ముప్పై ఏళ్ళు దాటినా సరే, ఆ బొమ్మను ఈ రోజు కొట్టివేయండి.

పిల్లలూ, ఈ నెల మీరు చేయవలసిన పని: ఒక కాగితం మీద అడుగు స్కేలు అంత పొడవున పగడపు పాము బొమ్మ వేయండి. నల్లని తల, పసుపు చుక్కలు, గోధుమరంగు వీపు, తోక మీద రెండు నల్ల పట్టీలు. పొట్టకు మంచి పగడం రంగు. తోకను పైకి చుట్టండి. బొమ్మ పూర్తయ్యాక ఇంట్లో పెద్దవారికి చూపి, "దీని తల ఏది?" అని అడగండి. ఎంతమంది తోక చూపుతారో లెక్క రాసి పంపండి.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము.

మీ
మాస్టారు